మిల్లు బిళ్ళ దొరికితే ముందు చింతపండు దాచిపెట్టండి

మిల్లుల్లో, గనుల్లో నంబరు కొట్టి కార్మికుడికి ఇచ్చిన పాత ఇత్తడి బిళ్ళ చేతికి రాగానే మన ఇళ్ళలో జరిగే మొదటి పని, దాన్ని చింతపండుతో తోమడం. అది చాలకపోతే పీతాంబరి పొడి. ఈ రెండూ జరగకముందే బిళ్ళను మీ చేతిలోకి తీసుకోగలిగితే సేకరణ సగం గట్టెక్కినట్టే. కారణం తర్వాత చెబుతాను. ఇప్పుడు నంబరు కొట్టిన ప్రతి ఇత్తడి ముక్కనూ ‘జీతం బిళ్ళ’ అని అమ్మేస్తున్నారు కాబట్టి, ఏది ఏమిటో ముందు తేల్చుకుందాం.

నేను మహబూబ్‌నగర్ దగ్గర ఒక నూలు మిల్లులో టైమ్ ఆఫీసు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. గేటు పక్కన చిన్న గది. గోడకు రెండు చెక్క బోర్డులు, వాటి నిండా వరసగా మేకులు, ఒక్కో మేకు కింద ఒక నంబరు. షిఫ్టుకు వచ్చిన మనిషి మొదటి బోర్డు మీది తన బిళ్ళ తీసి రెండో బోర్డుకు తగిలించి లోపలికి పోవాలి. సైరన్ ఆగిన కొద్దిసేపటికి మొదటి బోర్డుకు జాలీ తలుపు వేసి తాళం పెట్టేవాణ్ణి. ఇక అందులో మిగిలిన బిళ్ళలన్నీ గైర్హాజరు. మస్టరు నింపడానికి మనుషుల మొహాలు చూడనక్కర్లేదు, మేకులు చూస్తే చాలు. ఇది హాజరు బిళ్ళ. మీకు దొరికే వాటిలో ఎక్కువ ఇవే.

జీతం బిళ్ళ వేరు. జీతాల రోజున క్యాషియరు కిటికీలోంచి నంబరు పిలుస్తాడు. కార్మికుడు తన బిళ్ళ లోపలికి ఇచ్చి డబ్బు కవరు తీసుకుంటాడు. బిళ్ళ కిటికీకి అవతల ఉన్నదంటే ఆ నంబరుకు డబ్బు ముట్టినట్టు, యివతల ఉన్నదంటే ఇంకా ముట్టనట్టు. సంతకం రానివాళ్ళు ఎక్కువగా ఉన్న కాలంలో వేలిముద్రకు తోడు ఇదొక భరోసా. అమ్మేవాళ్ళు దీన్ని ‘ఫ్యాక్టరీ సొంత నాణెం’ అని చెబుతారు, నమ్మవద్దు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం జీతాన్ని చెలామణిలో ఉన్న నాణేల్లో, నోట్లలోనే ఇవ్వాలన్నది. వెయ్యి మంది లోపు పనిచేసే చోట నెల తిరిగాక 7వ తేదీలోగా, అంతకు మించితే 10వ తేదీలోగా ఇవ్వాలని గడువు కూడా పెట్టింది. మా కిటికీ ముందు 7వ తేదీ సాయంత్రం నిలబడే వరసను చూసినవాళ్ళు ఎవరూ ఆ ఇత్తడి ముక్కను డబ్బు అనుకోరు.

మూడోది పనిముట్ల బిళ్ళ. వర్క్‌షాపులో ఒక్కో మనిషికి ఒకే నంబరుతో నాలుగైదు బిళ్ళలు ఇస్తారు. స్టోరు కిటికీలో ఒక బిళ్ళ ఇస్తే ఒక పానా ఇస్తారు, పానా ఉండే కొక్కేనికి ఆ బిళ్ళ తగిలిస్తారు. సాయంత్రం స్టోర్‌కీపరు గోడ చూసి ఏది ఎవరి దగ్గరుందో చెప్పేస్తాడు. కాబట్టి ఒకే నంబరు బిళ్ళలు రెండు మూడు కలిసి దొరికితే నకిలీ అని కొట్టిపారేయకండి, పనిముట్ల బిళ్ళలేమో చూడండి.

బొగ్గు గనుల్లో దీపం బిళ్ళ ఉంటుంది. అది ఇచ్చి దీపం తీసుకుని గనిలోకి దిగుతారు. ప్రమాదం జరిగితే లోపల ఎవరున్నారో మొదట చెప్పేది ఆ బిళ్ళల బోర్డే. కొన్ని గనుల్లో టబ్బుల (బొగ్గు మోసే చిన్న పెట్టెబండ్ల) లెక్కన కూలి కాబట్టి, నింపిన టబ్బుకు తన బిళ్ళ కట్టి పైకి పంపేవారు, పైన లెక్క రాసేవాడు నంబరు చూసి ఖాతాలో వేసేవాడు. క్యాంటీన్ బిళ్ళల మీద మాత్రం ‘టీ’ అనో, ‘భోజనం’ అనో, అణాలో పైసలో ఉంటాయి. 250 మందికి మించిన ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఉండాలన్న నిబంధన 1948 ఫ్యాక్టరీల చట్టంతో వచ్చింది, వాటిలో చాలా భాగం ఆ తర్వాతివే.

ఇక ఎక్కడ వెతకాలి? మన నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లో నిజాం కాలపు పెద్ద ఫ్యాక్టరీలు లేవు. ఆజంజాహీ మిల్లు 1934లో వరంగల్‌లో వచ్చింది, నిజాం షుగర్స్ 1937లో బోధన్‌లో వచ్చింది, సిర్పూర్ కాగితం మిల్లు ఆదిలాబాద్ వైపు. మన వైపు పత్తి జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, తర్వాత మిర్యాలగూడ రైసు మిల్లులు, కృష్ణ ఒడ్డున సిమెంటు. అయినా మన ఊళ్ళలో బిళ్ళలు దొరుకుతాయి, ఎందుకంటే మన మనుషులు బయటికి పోయారు. పాలమూరు కూలీ పోని డ్యాం ఏదో చెప్పండి చూద్దాం. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి బొంబాయికి, పుణెకు పోయారు. నల్లగొండ నేతగాళ్ళు షోలాపూర్‌కు, భివండీకి, బొంబాయి మిల్లులకు పోయారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె రెండున్నర లక్షల మందిని వీధిన పడేసినప్పుడు చాలామంది మళ్ళీ మిల్లు గేటు చూడలేదు. బిళ్ళ ట్రంకు పెట్టెలోనే ఉండిపోయింది. కాబట్టి పాలమూరు బిళ్ళకు రెండు ఊళ్ళుంటాయి, పుట్టిన ఊరు, దొరికిన ఊరు. ఈ రెండూ రాసుకోని సేకరణ నా దృష్టిలో తుక్కు సంచే. దీని గురించి మళ్ళీ చెబుతాను.

దొరికే చోట్లలో మొదటిది తాళం చెవుల గుత్తి. రెండోది బోరు మోటారు షెడ్డు, బోల్టు కింద వాషరుగా. దూడ మెడలో గంట పక్కన కట్టిన బిళ్ళను కూడా చూశాను, కూరగాయల తక్కెడలో రాయికి తోడు పడిన బిళ్ళను కూడా చూశాను. దసరాకు, సంక్రాంతికి ఇల్లు దులిపే వారం మంచి అదను, అటక మీది సామాను కిందికి దిగేది అప్పుడే. నాగార్జునసాగర్ హిల్ కాలనీ, పైలాన్ కాలనీలలో పాత ప్రాజెక్టు కుటుంబాలను పలకరించండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాంను ఎక్కువగా మనుషుల చేతులే రాయి మీద రాయి పెట్టి కట్టాయి. ఎన్.ఎస్.పి. (నాగార్జునసాగర్ ప్రాజెక్టు) అని కొట్టిన పనిముట్ల బిళ్ళ నాకు అక్కడే దొరికింది.

అడిగే తీరు ముఖ్యం. “పాత ఇత్తడి ఉందా?” అని అడిగితే మిమ్మల్ని పాత సామాన్లు కొనే బండివాడి కింద జమకట్టి బిందె తెచ్చి చూపిస్తారు. మనిషి గురించి అడగండి.

“పెద్దమ్మా, పెద్దనాన్న బొంబాయిలో ఏ మిల్లులో చేశారు? ఆయన బిళ్ళ ఏమైనా ఉందా?”

“ఉంది బిడ్డా, బీరువా తాళాలకు ఉంది. అది నీకిచ్చి బీరువా నెత్తిన పెట్టుకోమంటావా?”

ఇలాంటి జవాబు వస్తే మీరు సరైన ఇంటికే వచ్చినట్టు. వాళ్ళు వాడుతున్న బిళ్ళను అడిగి తీసుకోకండి. వెలుగులో పెట్టి రెండు వైపులా ఫోటో తీసుకోండి, కథ రాసుకోండి, తాళాలు తిరిగి ఇచ్చేయండి. నా పుస్తకంలో వస్తువు లేని పేజీలు చాలానే ఉన్నాయి, అవేమీ తక్కువవి కావు.

తుక్కు దుకాణాలతో వ్యవహారం వేరు. మహబూబ్‌నగర్‌లో, జడ్చర్లలో, నల్లగొండలో ఇత్తడిని వేరే గోనెలో వేసి పెట్టే దుకాణదారుతో పరిచయం పెంచుకుని, “అన్నా, నంబరున్న బిళ్ళ వస్తే ఒక డబ్బాలో వెయ్యి” అని చెప్పి ఉంచండి. గోనె లారీ ఎక్కిందంటే ఇక కొలిమికే. ఒక బిళ్ళ పదిహేడు గ్రాములనుకుంటే కిలోకు అరవై దాకా తూగుతాయి, కాబట్టి ఒక్క బిళ్ళ మీద తుక్కు విలువ చాలా స్వల్పం. దానికి రెట్టింపు ఇచ్చినా దుకాణదారు సంతోషిస్తాడు, మీరూ మునగరు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో గురువారం, ఎర్రగడ్డలో ఆదివారం దొరుకుతాయి గానీ అక్కడ అమ్మేవాడికి సరుకు విలువ మీకంటే బాగా తెలుసు, ఊరు మాత్రం తెలియదు. ఊరు తెలియని బిళ్ళకు ఎక్కువ పెట్టను.

బేరానికి ముందు బిళ్ళను చదవాలి. రంధ్రం పైకి ఉండేలా పట్టుకోండి. ఇది చాదస్తం కాదు. 66 తిరగేస్తే 99, 68 తిరగేస్తే 89. ఉర్దూ అంకెల్లో ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఏడు ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా ఉంటుంది, ఎనిమిది అదే తిరగేస్తే వస్తుంది, సున్న ఒట్టి చుక్క. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాసినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి చదవాలి. బొంబాయి బిళ్ళ మీద దేవనాగరి అంకెలుంటే ఒకటిని తొమ్మిది అనుకునే ప్రమాదం ఉంది. మీ వీధిలో ఉర్దూ చదివిన పెద్దమనిషి ఉంటే ఒక చాయ్ తాగించండి, ఏ పుస్తకం చెప్పనిది ఆయన చెబుతాడు.

కాలం కట్టడానికి అక్షరాలే ఆధారం. హెచ్.ఇ.హెచ్. (హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్) అన్న పొట్టి అక్షరాలుంటే అది 1918కి ముందుది కాలేదు, చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఆ బిరుదు అప్పుడే వచ్చింది. ఎన్.జి.ఎస్.ఆర్. (నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే) ఉంటే రైల్వే ఇంకా కంపెనీ చేతిలో ఉన్న రోజులది, 1930లో నిజాం ప్రభుత్వం తీసుకున్నాక ‘జి’ పోయి ఎన్.ఎస్.ఆర్. అయింది. సింగరేణి కాలరీస్ అన్న కంపెనీ పేరు 1920 నుంచి, అంతకుముందు గనులు హైదరాబాద్ దక్కన్ కంపెనీవి. మూడు అంకెలు దాటి 1340, 1350 లాంటి సంఖ్య కనబడితే కార్మికుడి నంబరు అని తొందరపడకండి, నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరం కావచ్చు. 590 కలపండి, 1350 ఫసలీ అంటే 1940-41. క్యాంటీన్ బిళ్ళ మీద అణాలుంటే చాలావరకు 1957 ఏప్రిల్ 1కి ముందుది. ‘నయా పైసే’ అని ఉంటే ఇంకా సులభం, ఆ ‘నయా’ 1957 నుంచి 1964 దాకానే వాడుకలో ఉంది. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా (నిజాం సొంత రూపాయి) వేరు, కల్దార్ (బ్రిటిష్ ఇండియా రూపాయి) వేరు, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. అందుకే అణా అని మాత్రమే ఉన్న బిళ్ళ ఏ లెక్కదో తెలియాలంటే ఫ్యాక్టరీ పేరు కావాలి.

అసలు నకిలీల్ని పట్టుకోవడం నాకిష్టమైన పని. ఫ్యాక్టరీ పేరు అచ్చు మీద ఒకేసారి పడుతుంది, నంబరును మాత్రం తర్వాత ఎవరో ఒక మనిషి ఉక్కు పంచ్‌తో (అంకె చెక్కిన ఉక్కు కడ్డీతో) ఒక్కో అంకె చొప్పున సుత్తితో కొడతాడు. అందుకని పేరు తిన్నగా, నంబరు కాస్త వంకరగా ఉండటం సహజం. ఒక అంకె లోతుగా దిగి, పక్కది తేలిపోతుంది. పలుచని బిళ్ళయితే వెనక వైపు వేలితో తడిమితే ఉబ్బు తగులుతుంది. పేరూ నంబరూ ఒకే లోతులో, గీత గీసినట్టు ఉంటే అనుమానించండి. తర్వాత రంధ్రం చూడండి. ఏళ్ళ తరబడి మేకుకు వేలాడిన బిళ్ళకు రంధ్రం పై అంచు పలుచబడి, కొద్దిగా పైకి సాగి ఉంటుంది. తాళాల గుత్తిలో ఉన్నదైతే రంధ్రం చుట్టూ వంపు గీతలుంటాయి. నిన్న డ్రిల్లు పెట్టిన రంధ్రం గుండ్రంగా, అంచులు పదునుగా ఉంటుంది. పాత బిళ్ళలో అక్షరాల లోపల నల్లగా, మిట్టల మీద మెరుపుగా ఉండాలి. ఆమ్లంలో ముంచి ముసలితనం తెప్పించిన దానికి పల్లం, మిట్ట అంతా ఒకే పచ్చ.

ఒకవైపు ఈస్టిండియా కంపెనీ, మరోవైపు రామపట్టాభిషేకం, కింద 1818 అని ఉన్న ‘నాణేలు’ ప్రతి జాతరలోనూ అమ్ముతారు. అలాంటి నాణెం కంపెనీ ఎన్నడూ వెయ్యలేదు. బిళ్ళల దుకాణంలో అది కనిపించిందంటే మిగతా సరుకును కూడా అదే కన్నుతో చూడండి.

లోహం సంగతి అయస్కాంతంతో మొదలుపెట్టాలి. అంటుకుంటే ఇత్తడి పూసిన ఇనుము. అంటకపోతే చిన్న తక్కెడ పరీక్ష చేయండి. గ్రాములో పదో వంతు చూపించే తూకం యంత్రం మీద గ్లాసులో నీళ్ళు పోసి సున్నకు తెచ్చుకోండి. బిళ్ళను దారానికి కట్టి, గ్లాసు అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. యంత్రం 2 గ్రాములు చూపిస్తే బిళ్ళ ఘనపరిమాణం 2 ఘన సెంటీమీటర్లు. పొడి బరువు 17 గ్రాములైతే 17ను 2తో భాగించండి, 8.5 వచ్చింది. ఇత్తడి 8.4 నుంచి 8.7 మధ్య పలుకుతుంది. ఏడు దగ్గర ఆగితే జింకు పోతపోసి రంగు వేసినది.

ఇప్పుడు చింతపండు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన మిశ్రమం. పులుపు పైపొరలోని జింకును ముందు తినేస్తుంది, రాగి మిగిలి బిళ్ళ గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే ఇక వెనక్కి పోదు. పొడితో రుద్దితే తేలికగా పడిన అంకెలు అరిగిపోతాయి, మేకు చేసిన గుర్తులూ పోతాయి. అంటే ఆ బిళ్ళ నిజమైనదని చెప్పే సాక్షులన్నిటినీ మీరే చెరిపేసినట్టు. నూనె జిడ్డు, మట్టి ఉంటే బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక గిన్నెలో తీసుకుని రెండు చుక్కల సబ్బు వేసి నానబెట్టండి. పసిపిల్లల మెత్తని బ్రష్షుతో తుడిచి, అక్షరాల సందుల్లోని మట్టిని వెదురు పుల్లతో తీయండి. సూది వద్దు. మళ్ళీ శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, గుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టండి. బోరు నీళ్ళతో మాత్రం కడగకండి, మన రెండు జిల్లాల బోరు నీళ్ళలోని ఉప్పు ఎంతటిదో వంటింటి కుళాయికి కట్టిన తెల్లటి పొరే చెబుతుంది.

గట్టిగా అతుక్కున్న చిలుమును వదిలేయవచ్చు, దానివల్ల నష్టం లేదు. గోటికి పొడిలా రాలుతూ, వారానికి వారం పెరిగే లేత పచ్చ మాత్రం రోగమే, అది ఉప్పు వల్ల వస్తుంది. ఆ బిళ్ళను వేరు చేసి, నీళ్ళు మారుస్తూ రోజుల తరబడి నానబెట్టి, బాగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో వేరుగా ఉంచండి.

దాచడానికి ఆల్బమ్ కొనేటప్పుడు వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే మెత్తని పివిసి అరలు కొన్నేళ్ళకు జిడ్డు కక్కి బిళ్ళను పచ్చగా చేస్తాయి. పాలీప్రొపిలీన్ కవర్లు గానీ, ఆమ్లం లేని కాగితపు కవర్లు గానీ వాడండి. రబ్బరు బ్యాండులోని గంధకం ఇత్తడిని నల్లబరుస్తుంది. వార్తాపత్రికలో చుట్టడం కూడా మంచిది కాదు. బిళ్ళ మీద ఏమీ రాయకండి. కవరు మీద పెన్సిలుతో, అదీ బిళ్ళ లోపల పెట్టకముందే రాయండి.

ఇక నేను మళ్ళీ చెబుతానన్న రాత పని. మస్టరు రాసిన చేయి కాబట్టి నాకు గడులు లేకపోతే తోచదు. నా పుస్తకంలో ఒక్కో బిళ్ళకు ఒక పేజీ. నంబరు, ఏ లిపి, కొలత మిల్లీమీటర్లలో, బరువు, ఆకారం, రంధ్రం ఎక్కడ, వెనక ఏముంది. ఆ తర్వాత పుట్టిన ఊరు, దొరికిన ఊరు, ఇచ్చినవారు, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు. ఊహను వేరే రంగు సిరాతో రాస్తాను. ఆకారం గడి ఎందుకంటే, మా మిల్లులో గుండ్రం స్పిన్నింగుకు (నూలు వడికే విభాగం), ఎనిమిది మూలలు కార్డింగుకు (పత్తి ఏకే విభాగం), బదిలీ కార్మికులకు (రానివాళ్ళ బదులు పనిచేసేవాళ్ళకు) మూల కత్తిరించినవి ఇచ్చేవాళ్ళం. బిళ్ళ పోగొట్టుకుంటే కొత్తదాని మీద నంబరు పక్కన చిన్న చుక్క కొట్టేవాళ్ళం. ఇది అన్ని మిల్లుల పద్ధతి కాదు. మీరు సేకరించే మిల్లులో ఏ పద్ధతి ఉండేదో చెప్పగలిగే మేస్త్రీలు, జాబర్లు, గుమాస్తాలు ఇప్పుడు ఎనభై దాటినవాళ్ళు. బిళ్ళలు ఇంకో ఇరవై ఏళ్ళకైనా దొరుకుతాయి కాబట్టి ముందు మనుషుల దగ్గరికి వెళ్ళండి. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే తప్ప నంబరు పక్కన కార్మికుడి పేరు ఎక్కడా అచ్చు వేయకండి.

ఫోటోకు కిటికీ పక్కన పొద్దుటి వెలుతురు చాలు. వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడితే అరిగిన అంకెలు కూడా లేచి కనిపిస్తాయి, ఫ్లాష్ వేస్తే అన్నీ మాయమవుతాయి. అప్పటికీ అంతుపట్టకపోతే పలుచని కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దండి.

చివరగా కొనకూడనివి. మూతపడిన ఫ్యాక్టరీ వాచ్‌మన్ రాత్రిపూట తెచ్చి ఇచ్చే బోర్డు మొత్తం బిళ్ళలు కొనకండి, ఆ ఆస్తి లిక్విడేటరు (మూతపడిన కంపెనీ ఆస్తుల లెక్క తేల్చే అధికారి) చేతిలోనో బ్యాంకు చేతిలోనో ఉంటుంది. పాత ఫ్యాక్టరీ స్థలంలో తవ్వకండి. భూమిలో దొరికిన విలువైన వస్తువును కలెక్టరుకు తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది, విలువ పది రూపాయలు దాటితే చాలు, అది వర్తిస్తుంది. వందేళ్ళు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు కావచ్చు, దాన్ని విదేశంలోని మిత్రుడికి కవరులో పెట్టి పంపడం నేరం. స్టేషన్లో పనిచేస్తున్న కూలీ చేతి బిళ్ళ అతని లైసెన్సు, ఎంత బతిమాలినా అడగకండి. ముందుకు పోవడానికి అనుమతిగా రైలు డ్రైవరుకు ఇచ్చే బంతి టోకెను సంతలో కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి. అది రైల్వే ఆస్తి, 1966 చట్టం కింద దగ్గర పెట్టుకున్నవాడే సంజాయిషీ చెప్పుకోవాలి.